మెడ అద్భుతం, 2.75

డిక్ చెనీ 2025 నవంబరు 3న పోయారు. 2001 నుంచి 2009 దాకా అమెరికా ఉపాధ్యక్షుడు. పేరుకు ఉప, పెత్తనానికి ప్రధానం. ఆ వార్త వినగానే మన ప్రేక్షక మహాశయులు ఘటించిన నివాళి ఏమిటయ్యా అంటే, "ఈయన మీదే కదా బ్రో క్రిస్టియన్ బేల్ 'వైస్' సినిమా చేసింది! బాడీ ట్రాన్స్‌ఫర్మేషన్ నెక్స్ట్ లెవెల్."

2018 క్రిస్మస్‌కు సినిమా విడుదలైనప్పుడూ ఇదే మాట. మనిషి పోయినా మాట పోలేదు. (తీసింది అన్నపూర్ణ పిక్చర్స్. దుక్కిపాటి మధుసూదనరావుగారిది కాదు, హాలీవుడ్‌ది. ఎందుకైనా మంచిదని చెబుతున్నా.)

చెనీగా వేసిన బేల్ శరీరం విషయంలో మన ప్రేక్షకుడి పాండిత్యం అపారం. 40 పౌండ్లు, అనగా 18 కిలోలు పెరిగాడని తెలుసు. అదీ పైలు తిని పెరిగాడని తెలుసు. తల గొరిగించుకున్నాడని, కనుబొమలకు బ్లీచ్ కొట్టించాడని తెలుసు. మెడ లావు చాలక సిలికాన్ మెడ అతికించారని తెలుసు. ఎనిమిది ఆస్కార్ నామినేషన్లలో చేతికొచ్చింది మేకప్‌ది ఒక్కటేనని కూడా తెలుసు. మరి ఆ మెడ మోసిన తలకాయ ఏం చేసిందండీ అని అడిగి చూడండి.

"సెకండాఫ్ కొంచెం ల్యాగ్."

ఇక రేటింగు. తెలుగునాట స్థిరపడిన గణితం ప్రకారం 2.5 అంటే సినిమా పోయింది, 3 అంటే నిర్మాత తెలిసినవాడు, 2.75 అంటే నాకేమీ అర్థం కాలేదు. ఈ సినిమాకు 2.75 ఎలా గిట్టుబాటవుతుందో లెక్క కట్టి చూపిస్తాను. మెడకు 1. పొట్టకు అర. చెనీ భార్య లిన్‌గా ఎమీ ఆడమ్స్‌కు అర. రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్‌గా స్టీవ్ కరెల్ కామెడీ ట్రాక్‌కు అర. అధ్యక్షుడు బుష్‌గా సామ్ రాక్‌వెల్ కోడి ముక్క చప్పరించినందుకు పావు. కూడండి, సరిపోయిందా? చెనీ పట్టుబట్టిన ఇరాక్ యుద్ధానికి మార్కుల్లేవు, అది సిలబస్‌లో లేదు.

ఈ సినిమాలో ఒక దొంగ ముగింపు ఉంది. సగం కూడా కాకముందే చెనీ రాజకీయాలు మానేసి కుటుంబంతో హాయిగా ఉన్నాడన్నట్టు చూపించి, సంగీతం పెట్టి, పేర్లు పైకి పాకించేస్తారు. మన భాషలో ఇంటర్వెల్. అక్కడ లేచి చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయిన ప్రేక్షకుణ్ణి ఊహించుకోండి. గడప దాటగానే ఎదురుగా పబ్లిక్ టాక్ మైకు. "క్లీన్ ఫ్యామిలీ ఎంటర్‌టైనర్ అన్నా! యేల్‌లో చదువు ఎగ్గొట్టి, తాగి బండి నడిపి రెండుసార్లు దొరికిపోయి, కరెంటు స్తంభాలెక్కిన కుర్రాడు. పెళ్ళాం గట్టిగా చీవాట్లు పెడితే బాగుపడి రక్షణ మంత్రి అయ్యాడు. నిడివి పర్ఫెక్ట్. ఒకే మైనస్, ఫైట్లు లేవు." ఫైట్లు లోపల అప్పుడే మొదలయ్యాయి నాయనా! అక్కడ ఫోన్ మోగింది. 2000లో, బుష్‌కు ఉపాధ్యక్ష అభ్యర్థిని వెతికిపెట్టే పని చెనీది. వచ్చినవాళ్ళందరి చేతా ఆస్తులూ అనారోగ్యాలూ ఫారాల్లో రాయించుకుని, చివరికి ఆయనే నిలబడ్డాడు. సంబంధం చూసిపెట్టవయ్యా అంటే పేరయ్యే పీటలెక్కాడన్నమాట. ఇంత మంచి ట్విస్టును వదిలేసి మైకు ముందు నిలబడ్డ ఆ మహానుభావుణ్ణి తప్పుపట్టలేం. ఇరాక్ ప్రజలు కూడా సినిమా అక్కడే అయిపోతే బాగుండుననే అంటారు.

రెండో సగంలో హోటల్ సీను. వెయిటర్ వంటకాలకు బదులు ఖైదీల విషయంలో చట్టాన్ని తప్పించుకునే ఉపాయాల మెనూ చదువుతాడు, చెనీ బృందం ఆర్డరిస్తుంది. "డార్క్ కామెడీ వర్కౌట్ అయింది" అని ప్రేక్షకుల తీర్పు. సరే, ఆ వంటకాలు ఎలా వండుతారో చూడండి. పట్టుకున్నవాణ్ణి యుద్ధఖైదీ అంటే జెనీవా ఒప్పందం అడ్డొస్తుంది, నేరస్థుడంటే కోర్టు అడ్డొస్తుంది. కాబట్టి రెండూ అనకుండా 'శత్రు పోరాటగాడు' అనాలి. అమెరికా గడ్డ మీద ఉంచితే అమెరికా చట్టం అడుగుతుంది. కాబట్టి క్యూబాలో అమెరికా అద్దెకు తీసుకున్న గ్వాంటనామో స్థావరంలో ఉంచాలి. ఇక హింస అనే మాట. 2002 ఆగస్టు 1 నాటి న్యాయశాఖ మెమో ప్రకారం, అవయవం చెడేంతో ప్రాణం పోయేంతో నొప్పి ఉంటేనే అది హింస. అంతకు తక్కువైతే విచారణ.

ఈ వంటకాన్ని మనుషులకు వడ్డించారు. 9/11 దాడుల సూత్రధారి ఖాలిద్ షేక్ మొహమ్మద్‌ను నీళ్ళు పోసి ఊపిరాడకుండా చేసింది ఒక్క 2003 మార్చిలోనే 183 సార్లు. 18 కిలోలు కంఠతా వచ్చినవాళ్ళకు ఈ 183 ఎందుకు రాదు? వాడు దుర్మార్గుడంటారా? మరి గుల్ రహ్మాన్? 2002 నవంబరు, ఆఫ్ఘనిస్తాన్‌లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్య జైలు. నడుము కింద గుడ్డ లేకుండా, కటిక కాంక్రీటు మీద, గొలుసులతో కట్టేస్తే రాత్రికి రాత్రి చలికి బిగుసుకుపోయి చచ్చిపోయాడు. దీనికెంత వేస్తారు? పావా, అరా? సీఐఏ పట్టుకున్న 119 మందిలో కనీసం 26 మందిని పట్టుకోవడమే తప్పని 2014లో సెనేట్ కమిటీ చెబితే, చెనీ అనే ఈ పెద్దమనిషి టీవీలో కూర్చుని, మళ్ళీ చెయ్యమంటే నిమిషంలో చేస్తానన్నాడు. సిగ్గు లేదు ఆయనకు. ఆయన సంగతి వదిలేయండి, ఇదంతా తెరమీద చూసి లేచొచ్చి మెడ బాగుందనేవాడికేమైంది?

క్షమించాలి, టాపిక్ డైవర్ట్ అయింది.

దర్శకుడు ఆడమ్ మెకే మనల్ని ముందే పసిగట్టాడు. పేర్లు పడుతుండగా ప్రేక్షకుల అభిప్రాయ సేకరణ సీను పెట్టాడు. ఇది పక్షపాతం సినిమా అని ఒకడంటాడు, ఇంకొకడితో కలబడతాడు. పక్కనున్న అమ్మాయి మాత్రం కొత్త 'ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్' కోసం ఎదురుచూస్తున్నానంటుంది. దానిమీద మనవాళ్ళ అభిప్రాయం: "లాస్ట్ సీన్ ట్రిమ్ చేయాల్సింది."

మెడ మీద అంత శ్రద్ధ ఉన్నవాళ్ళు ఒక మెడను ఎందుకు వదిలేశారో తెలియదు. 2006 ఫిబ్రవరి 11న టెక్సస్‌లో పిట్టల వేటకెళ్ళిన చెనీ, తోటి వేటగాడు హ్యారీ విటింగ్‌టన్‌ను కాల్చాడు. 78 ఏళ్ళ లాయరు. గుళ్ళు మొహంలో, మెడలో, ఛాతీలో దిగాయి. ఆసుపత్రి నుంచి బయటికొచ్చి, తన వల్ల చెనీ కుటుంబానికి ఇంత ఇబ్బంది కలిగినందుకు విచారిస్తున్నానని చెప్పింది విటింగ్‌టనే. ఆ మెడ సిలికాన్‌ది కాదు.