మహారాజశ్రీ ఐస్ వరల్డ్ గారికి కోనసీమ నుంచి మనవి

వీడియో గేముల్లో మంచు లోకమై వెలసిన మహారాజశ్రీ ఐస్ వరల్డ్ గారి సముఖానికి, అమలాపురం నుంచి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ రోహిణి కార్తె ఎండలండి. రోళ్లు పగులుతున్నాయో లేదో గానీ చేతిలో ఫోను మాత్రం కాలిపోతోంది. ఆ కాలే ఫోనులోనే తమరు మళ్లీ వేంచేశారు. మెట్టు మీంచి మెట్టుకి దూకే వీడియో గేము ఏదైనా సరే, రెండో భాగం వచ్చిందంటే పచ్చగడ్డి లోకం అవుతుంది, ఇసుక లోకం అవుతుంది, కాసేపటికి తెల్లటి కొండలు, జారే నేల, ఒక పెంగ్విను, గంటలు మోగే పాట వెంటబెట్టుకుని తమరు తయారు. బంతిలో పప్పు తర్వాత ఏం వడ్డిస్తారో చెప్పినంత తేలిగ్గా, చిట్టచివర లావా వస్తుందని ఆరేళ్ల పిల్లాడు కూడా చెప్పేస్తున్నాడండి.

తమరి సర్వీసు రిజిస్టరు తిరగేశాం. 1988లో సూపర్ మారియో బ్రదర్స్ 3లో ఆరో లోకంగా పోస్టింగు. 2006లో న్యూ సూపర్ మారియో బ్రదర్స్‌లో ఐదో లోకం. 2009లో వీ (Wii) అనే ఆటల యంత్రం మీద వచ్చినదాంట్లో మూడో లోకం. 2012లో ఒకే ఏడాది రెండు ఆటలొస్తే రెండింట్లోనూ నాలుగో లోకం. ఇరవై నాలుగేళ్లు బదిలీలే గానీ ప్రమోషను లేదు. ఈ ఐదు ఆటల్లోనూ ఒకటో లోకం గడ్డి, రెండోది ఎడారి. ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నారు, తమరొక్కరే సంచి పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు పాపం.

మంచు సంగతి మీకేం తెలుసు అంటారేమో. ఆయ్, తెలుసండి. మా చేపల రేవుల్లో ఐసు దిమ్మలు దిగుతాయి. కొక్కెం తగిలించి లాగితే తడి సిమెంటు మీద దిమ్మ జర్రున పోతుంది. దాన్ని ఆపడానికి ఎవరూ కాలు అడ్డం పెట్టరు. ఊక చల్లిన వైపు మళ్లిస్తే అక్కడికొచ్చి చతికిలబడుతుంది. కప్పకుండా వదిలేస్తే అంచుల నుంచి కరిగి, కాసేపటికి పలకల దిమ్మ కాస్తా గుండ్రాయి అవుతుంది. మిగిలినదాన్ని కొట్టి రొయ్యల పెట్టెలో ఒక వరస ఐసు, ఒక వరస రొయ్య, మళ్లీ ఒక వరస ఐసు వేస్తారు. అంటే మా రేవులో ఐసు జారుతుంది, ఆగుతుంది, తరుగుతుంది, పని కూడా చేస్తుంది. తమరి లోకంలో జారడం తప్ప ఇంకో విద్య లేదు. ఆ జారడమైనా సరిగ్గా ఏడిస్తే ఈ ఉత్తరం రాసేవాళ్లం కాదు.

లెక్క చూడండి. ఆటలో నేలని సమానమైన చదరపు గడులుగా కొలుస్తారు కదా, ఆటగాడి పరుగు సెకనుకి 6 గడులు అనుకుందాం. మీట వదిలాక మామూలు నేల మీద వేగం సెకను సెకనుకి 60 గడుల చొప్పున తగ్గేలా పెడితే, పదో వంతు సెకనులో ఆగిపోతాడు. ఆ లోపు జారేది 0.3 గడి, అంటే కంటికి ఆనదు. తమరి లోకం కట్టేవాళ్లు ఆ 60ని 6 చేసి చేతులు దులుపుకుంటారు. ఇప్పుడు ఆగడానికి నిండు సెకను పడుతుంది, జారేది 3 గడులు. గడ్డి లోకంలో హాయిగా వాలిన మూడు గడుల మెట్టునే కాపీ కొట్టి, తెల్లరంగేసి ఇక్కడ పెట్టారు కదా, దాని మీద నిండు వేగంతో వాలినవాడు మీట వదిలేసినా అవతల గుంటలోకే పోతాడు. అది కష్టమైన లెవెల్ కాదండి, కూడిక తప్పిన లెవెల్. మూడు గడులు జారితే మెట్టు కనీసం ఆరు గడులుండాలి. చోటు లేదంటే చివర గోడైనా నిలబెట్టాలి, రెండు గడులు ఊకైనా చల్లాలి. జారేవాడికి ముందున్నది కనపడాలి కాబట్టి కెమెరాని కూడా పరుగు తీసే వైపు రెండు మూడు గడులు జరపాలి. 

ఆట కోడులో ఇంకో దొంగ పురుగు ఉంది. కింద ఏ నేల ఉందో దాన్ని బట్టి రాపిడి విలువ మార్చే కోడు, ఆటగాడు గాల్లోకి లేచాక ఆ విలువని వెనక్కి మార్చడం మర్చిపోతుంది. దాంతో గాల్లో కూడా ఐసే. ఎడమ మీట నొక్కినా కుడివైపే తేలుకుంటూ పోతాడు. ఆడేవాళ్లు తమ వేళ్లని తిట్టుకుంటారు గానీ తప్పు అక్కడ లేదు. గాలికి దాని విలువ దానికి విడిగా రాయించండి. 2018లో వచ్చిన సెలెస్ట్ అనే ఆటలో అంచు దాటాక కూడా పదో వంతు సెకను దాకా దూకనిస్తారు. సెకనుకి తెర మీద అరవై బొమ్మలు (ఫ్రేములు) మారే లెక్కన అది ఆరు ఫ్రేములు. ఆ పాటి దయ గట్టి నేల మీదే చూపించారంటే, జారుడు నేల మీద చూపించడానికి తమరికేం పోయిందండి?

తమరి చేత పని చేయించుకున్నవాళ్లు లేకపోలేదు. 1995లో డాంకీ కాంగ్ కంట్రీ 2లో క్లాపర్ అనే సీలు ఉంటుంది. దాని నెత్తిన దూకితే అది ఊదుతుంది, కింద నీళ్లు గడ్డకట్టి నేలవుతాయి. ఇంకో లెవెల్లో అదే సీలు సలసల కాగే నీళ్లని చల్లబరిచి ఈదడానికి వీలు చేస్తుంది. అక్కడ తమరు గోడకేసిన సున్నంలా లేరు, ఆటగాడి చేతిలో పనిముట్టులా ఉన్నారు. ఆ ఆటే ఒక లెవెల్లో ఓడ తెరచాపల తాళ్లు ఎక్కిస్తుంది, ఒకచోట తేనెపట్టులో అంటుకుపోయే గోడలు పెడుతుంది, ఒకచోట ముళ్లకంపల మధ్య పీపాల్లోంచి పేలుస్తుంది. ప్రతిచోటా కాలికో చేతికో కొత్త పని. సీక్వెల్ అంటే అదండి.

తమరి పద్ధతి వేరు. రంగు మారిస్తే రకం మారిందంటారు. 1985 నాటి మొదటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. అందులో మబ్బూ పొదా ఒకటే బొమ్మ, రంగు తేడా అంతే. 1-3, అంటే ఒకటో లోకం మూడో లెవెల్, కాస్త మారి 5-3గా మళ్లీ వస్తుంది, 2-2 కాస్తా 7-2గా వస్తుంది. చోటు లేక చీర చింపి లంగా కుట్టుకున్నారు, మెచ్చుకున్నాం. ఇప్పుడు గిగాబైట్ల మీద పడుకుని కూడా అదే చింపుడేమిటండి? గడ్డి లోకంలో అటూ ఇటూ తిరిగే తాబేలుకి ఉన్నిటోపీ పెట్టారు. అదే దూరం తిరుగుతుంది, అదే వేగం, అదే చావు. టోపీ కొత్తది.

ఆ మారియో ఆటకే 1986లో జపానులో వచ్చిన రెండో భాగం సంగతి వేరే. బొమ్మలు దాదాపు పాతవే. కానీ తింటే చచ్చే పుట్టగొడుగు పెట్టారు, దూకేటప్పుడు తోసే గాలి పెట్టారు, మారియో తమ్ముడు లూయిజీకి ఎత్తు దూకుడూ జారే కాళ్లూ ఇచ్చారు. చూశారా, అప్పటికే తమరు నేలలో కాకుండా మనిషి కాళ్లలో ఉన్నారు. ఆడితే ఒళ్లు మండుతుంది, అది నిజం. మొదటి భాగాన్ని నమిలి మింగినవాళ్లకే వండిన కూర అది, కొత్తగా కూర్చున్నవాడికి కారం. అయినా తమరి టోపీ తాబేలు కంటే అదే నయం.

టోపీ కంటే పెద్ద తప్పు ఇంకోటుంది. రెండో భాగం అనగానే డబుల్ జంప్, అంటే గాల్లో ఉండగానే ఇంకో దూకుడు, ఇస్తారు. ఇవ్వండి. కానీ లెవెల్స్ పాత కొలతలతోనే వదిలేస్తారు. మొదటి భాగంలో దూకుడు ఎత్తు 4 గడులు, శిఖరం చేరడానికి 0.4 సెకను అనుకోండి. గురుత్వం సెకను సెకనుకి 50 గడులు వస్తుంది, గాల్లో ఉండేది 0.8 సెకను. ఆరు గడుల వేగంతో అది 4.8 గడుల గుంట దాటిస్తుంది. అందుకే అప్పట్లో 3 గడుల గుంట అందరికీ, 4 గడుల గుంట చెయ్యి తిరిగినవాళ్లకీ పెట్టారు. బావుంది. ఇప్పుడు శిఖరం దగ్గర ఇంకో 3 గడులు పైకి లేపే రెండో దూకుడు కలిపితే గాల్లో దాదాపు 1.28 సెకన్లు ఉంటాడు, ఏడున్నర గడులు దాటేస్తాడు. నాలుగు గడుల గుంట ఇక గుంట కాదు, బోదె. సగం మెట్లు కాలు పెట్టకుండానే దాటిపోతున్నాడని అప్పుడు కనిపెట్టి, కంగారుగా ఆకాశంలో ఎగిరే గబ్బిలాలు కుమ్మరిస్తారు. కొత్త విద్య ఇచ్చింది ఎగరడానికి కదండి, ఎగిరినవాడి నెత్తిన మొట్టడానికా?

బస్సు కిటికీలోంచి చూస్తే మా డెల్టా అంతా ఒకటే రంగు. వరి, కొబ్బరి, కాలువ, మళ్లీ వరి, కొబ్బరి, కాలువ. తమరి ఆర్టిస్టయితే ఒక్క బొమ్మల కట్టతో పని అయిపోయిందని భోజనానికి లేచిపోతాడు. దిగి నడవమనండి. చేలగట్టు మీద ఒక అడుగు వెడల్పే, వాన పడితే ఒకవైపు చేలో, ఒకవైపు బోదెలో. కాలువ మీద తాటిదుంగ గుండ్రంగా ఉంటుంది, మధ్యకొచ్చాక ఆగితేనే ప్రమాదం, నడుస్తూ ఉంటే ఏమీ కాదు. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు దాని వేళకే కదులుతుంది, మన తొందర దానికి పట్టదు. గుర్రపుడెక్క పచ్చటి నేలలా కనిపించి అడుగేస్తే దిగిపోతుంది. కోరింగ మడ అడవిలో బురదలోంచి ఊపిరి వేళ్లు మేకుల్లా నిటారుగా లేచి ఉంటాయి, పోటుకి మునిగిపోయి పాటుకి తేలుతాయి. అంటే ఉదయం నీళ్లున్న చోట సాయంత్రం ముళ్లు. మాది ఒక రంగు, నడక పది రకాలు. తమరి ఎనిమిది లోకాలూ ఎనిమిది రంగులు, నడక ఒకటే.

మా కాలువ మీది ఒక్క లాకు తీసుకోండి చాలు. పడవ గదిలోకొస్తుంది, వెనక తలుపు మూస్తారు, తూము ఎత్తితే నీరు లోపలికొచ్చి పడవని లేపుతుంది, రెండువైపులా మట్టం సమానమయ్యాకే ముందు తలుపు కదులుతుంది. సూపర్ మారియో 3డి ల్యాండ్ (2011) డైరెక్టరు కొయిచి హయాషిదా చెప్పిన నాలుగు మెట్లున్నాయి కదా, ఎత్తుకోలు, సాగదీత, మెలిక, ముక్తాయింపు, వాటికి ఇది అచ్చంగా సరిపోతుంది. మొదట శత్రువు లేని ఒక్క గది. చక్రం మీద దూకితే నీరు పెరుగుతుంది, తేలే దుంగ మీద నిలబడితే పైకి చేరతాడు, పడ్డా చావడు. గది లోతు 10 గడులు, దూకుడు 4 కాబట్టి నీరు 6 గడులు లేవాలి. సెకనుకి గడిన్నర చొప్పున నాలుగు సెకన్లు. అంతకంటే నెమ్మదిస్తే పంటు కోసం రేవులో ఎదురుచూపే. తర్వాత దుంగ తీసేసి గుర్రపుడెక్క పెట్టండి, ఒక్క సెకను మోసి మునిగేది, అప్పుడు లేస్తున్న నీటి మీద ఒకదాన్నుంచి ఒకదానికి దూకుతూనే ఉండాలి. ఆ తర్వాత మెలిక: ఈసారి నీరు తోడెయ్యాలి. ఇంతసేపూ నీరు పెరిగితే మేలనుకున్నవాడికి, గది ఖాళీ అయ్యాక మునిగి ఉన్న తూము దారి కనపడుతుంది. ఇక్కడే జాగ్రత్త. చక్రం పైన మాత్రమే పెట్టారో, తోడేశాక కింద చిక్కినవాడికి 10 గడుల గోడ, 4 గడుల దూకుడు. చావడూ, బయటికీ రాడు, ఆట మూసెయ్యాల్సిందే. అడుగున కూడా ఒక చక్రం పెట్టించండి. చివర ముప్పై సెకన్లలో అన్నీ కలిపి పరుగెత్తించి జెండా దగ్గర దింపెయ్యండి. ఇక లాకుకి సెలవు. తర్వాతి లెవెల్లో దాన్ని వెనక బొమ్మగా తగిలించద్దు.

ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయని చెప్పడానికి కూడా భయమేస్తోందండి. గేటుకో లెవెల్ చొప్పున గీసి, సగం వాటికి మంచు పూసి, ‘175 సరికొత్త లెవెల్స్’ అని పోస్టరు వేయించగల సమర్థులు తమరు.

కాబట్టి మనవి ఏమిటంటే, మూడో భాగానికి తమరి బదులు మా రేవు ఐసు దిమ్మని పంపుతాం. లాగితే జారుతుంది, ఊక మీద ఆగుతుంది, నీడలో ఉంటే నాలుగు గడుల మెట్టు, ఎండలోకి తోస్తే మూడు సెకన్లకో గడి తరుగుతుంది, మొత్తం కరిగితే ఆ నీళ్లతోనే తూము నిండుతుంది. జీతం కూడా అడగదు. తమరు ఈ వేసవికి పెంగ్విన్‌తో సహా రొయ్యల పెట్టెలో విశ్రాంతి తీసుకోవచ్చు, పెట్టె సైజు చెబితే ఊక సిద్ధం చేస్తాం.

ఇట్లు,
తమరి మీద జారిపడ్డ కోనసీమ వేళ్లు

తా.క.: కూలిపోయే మెట్టుకి ఇంకా పగుళ్ల ఇటుక బొమ్మే వాడుతున్నారట. ఆత్రేయపురం పూతరేకు వాడి చూడండి. తాకితే వణకాలి, పావు సెకనుకి విరగాలి, మడత మీద మడత ఉంటుంది కాబట్టి కింద ఇంకోటి దొరకాలి. మూడో మడతకి మాత్రం ఏమీ ఉండకూడదు.