ముక్కులో పుల్ల పెట్టకుండా ఇదేం విహారం?

ఈమధ్య క్రూజ్‌కి వెళ్ళొచ్చినవాళ్ళ ఫోటోలు చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది. అసూయ అనుకునేరు, అస్సలు కాదు, ప్రమాణాలు ఇంతలా పడిపోయాయే అన్న బాధ. పాస్‌పోర్టు, టికెట్టు, సూట్‌కేసు, ఓ నల్ల కళ్ళజోడు పట్టుకుని దర్జాగా ఓడెక్కేస్తున్నారు. కోవిడ్ టెస్టుకని ముక్కులో పుల్ల పెట్టించుకున్నది లేదు, టీకా సర్టిఫికెట్‌ని జిరాక్సులు తీయించి లామినేషన్ చేయించింది లేదు, రాత్రి రెండింటికి లేచి ల్యాబ్ నుంచి మెయిల్ వచ్చిందేమోనని ఫోన్ తడుముకున్నది లేదు. డబ్బులుంటే చాలు, సముద్రం చూపించేస్తున్నారు. ఇంత అన్యాయమా?

2021, 2022లో క్రూజ్ ఎక్కినవాళ్ళదీ విహారమంటే. ఓడలో గడిపింది వారమైతే, ఓడెక్కే అర్హత సంపాదించడానికి నెలలు పట్టేది. కాబట్టి ఆ నిబంధనలన్నీ మళ్ళీ తెండి మహాప్రభో అని సంబంధిత అధికారులకు విన్నవించుకుంటూ, వాటి వైభవం ఎరగని కొత్తవాళ్ళ కోసం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట, ఇవేవీ ఊరికే పుట్టలేదు. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా దగ్గర డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడని ఆపేశారు, గుర్తుండే ఉంటుంది. అందులో 3,711 మంది ఉంటే 712 మందికి కోవిడ్ తేలింది. ప్రయాణికుల్ని ఎవరి గదుల్లో వాళ్ళని ఉంచి తలుపులు వేయించారు. ఆ తలుపుల ముందు పూటపూటా భోజనం పెట్టి వెళ్ళే సిబ్బంది మాత్రం పనిచేస్తూనే ఉన్నారు, కలిసి తింటూనే ఉన్నారు, గదులు పంచుకుని పడుకుంటూనే ఉన్నారు. ఆ ఓడలో ఉన్న 138 మంది భారతీయుల్లో 132 మంది సిబ్బందే. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు, ముందుకెళ్దాం.

మార్చి 14న అమెరికాలో అంటువ్యాధుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ ఓడలన్నీ ఎక్కడివక్కడే ఆగాలంది. మళ్ళీ అక్కడి రేవు నుంచి పెద్ద ఓడ టికెట్ కొన్న ప్రయాణికులతో కదలడానికి 2021 జూన్ దాకా పట్టింది. ఈలోగా అందరూ బాగా ఆలోచించారు. ఎవరికి వాళ్ళు, విడివిడిగా.

ఓడలో 95 శాతం ప్రయాణికులు, 98 శాతం సిబ్బంది టీకా వేయించుకున్నవాళ్ళైతే ట్రయల్ ట్రిప్పుల గొడవ లేకుండా నేరుగా బయల్దేరొచ్చని సీడీసీ చెప్పింది. బాగుంది. క్రూజ్‌లకి పుట్టిల్లు లాంటి ఫ్లోరిడా రాష్ట్రమేమో, ఏ వ్యాపారస్తుడైనా కస్టమర్‌ని టీకా కాగితం చూపించమని అడిగితే మనిషికి 5,000 డాలర్ల దాకా జరిమానా అని చట్టం తెచ్చింది. అదీ బాగుంది. ఫ్లోరిడా ప్రభుత్వం సీడీసీ మీద కోర్టుకెళ్ళింది, జూన్‌లో దానికి అనుకూలంగా ఆర్డర్ వచ్చింది. నార్వీజియన్ క్రూజ్ లైన్ అనే ఓడల కంపెనీ ఫ్లోరిడా మీద కోర్టుకెళ్ళింది, ఆగస్టులో దానికీ అనుకూలంగానే వచ్చింది. ఒకే ఎండాకాలంలో ఫ్లోరిడా ఓ కోర్టులో గెలిచింది, ఇంకో కోర్టులో ఓడింది. మధ్యలో రాయల్ కరీబియన్ అనే ఇంకో ఓడల కంపెనీ వాళ్ళు భలే దారి పట్టారు. టీకా గురించి మేం అడగం, మీరే చూపిస్తే చూస్తాం, చూపించకపోతే వేయించుకోనివాళ్ళ లెక్కలో రాసుకుంటాం, అప్పుడు టెస్టుల ఖర్చు మీదే, ఇన్సూరెన్స్ కూడా మీరే తీసుకోవాలి అన్నారు. మాకేం కట్నం వద్దండీ, మీ అమ్మాయికి మీరు ఏం పెట్టుకున్నా మీ ఇష్టం అనే పెళ్ళివారు అమెరికాలోనూ ఉంటారని నాకు అప్పుడే తెలిసింది.

ఇక మనవాళ్ళ సంగతికి వద్దాం. మా బాబాయిది కొవాగ్జిన్ పార్టీ. హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైన సరుకు, మనం వేయించుకోకపోతే ఇంకెవరు వేయించుకుంటారని పట్టుబట్టి, దొరికేదాకా ఆగి మరీ వేయించుకున్నాడు. పిన్నికి అలాంటి సిద్ధాంతాలేం లేవు, క్యూ చిన్నగా ఉన్న సెంటర్‌కి వెళ్ళింది, అక్కడ కొవిషీల్డ్ ఉంది. కొవాగ్జిన్‌ని చాలా దేశాలు ఇంకా ఒప్పుకోలేదు, దాంతో కొన్ని నెలల పాటు ఆ ఇంట్లో ఆవిడ అంతర్జాతీయ పౌరురాలు, ఆయన స్థానికుడు. కాఫీ ఆలస్యమైతే కూడా బాబాయి గట్టిగా అడగడం మానేశాడు. చివరికి 2021 నవంబర్ 3న డబ్ల్యూహెచ్‌ఓ కొవాగ్జిన్‌కి అత్యవసర వినియోగానికి ఓకే చెప్పింది. అదే నెల 8 నుంచి టీకా వేయించుకున్న విదేశీయుల్ని రానిచ్చిన అమెరికా దాన్నీ లెక్కలోకి తీసుకుంది. కెనడా నవంబర్ 30 దాకా ఆగింది. అంటే ఆ నెలలో మూడు వారాల పాటు బాబాయి ఒంట్లో యాంటీబాడీలు అమెరికాలో పనిచేసేవి, సరిహద్దు దాటి కెనడాలో అడుగుపెడితే ఆగిపోయేవి అన్నమాట. సైన్స్ అంటే ఇలా ఉండాలి, తేదీలతో సహా.

అర్హత వచ్చిందని సంబరపడితే చాలదు, పేరు కూడా రావాలి. కోవిన్ సర్టిఫికెట్‌లో పేరు ఆధార్‌లో ఉన్నట్టే వస్తుంది. అక్కడ బాబాయి ఇంటిపేరు ఒకే ఒక్క ఇంగ్లీషు అక్షరం, పక్కన చుక్క. పాస్‌పోర్టులోనేమో ఇంటిపేరు సాంతం కాళ్ళు బారజాపుకుని ఉంది, దాని తర్వాత ఇద్దరు దేవుళ్ళు, చివర రావు. తెలుగువాళ్ళకి ఇది ఒకే మనిషి. వేరే దేశం క్లర్కుకి, టీకా వేయించుకున్నది ఒకడు, ఓడెక్కబోతున్నది ఇంకొకడు. పాస్‌పోర్టు నంబరు కలుపుకునే వీలూ, పేరు సరిదిద్దుకునే వీలూ కోవిన్‌లో ఇచ్చారు కానీ ఆ దిద్దుబాటు ఒక్కసారే. ఒక్కసారే అనేసరికి ఇంట్లో టెన్షన్ మొదలైంది. సియాటిల్‌లో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో, "నాన్నా, సబ్మిట్ నొక్కకు, ముందు ఒక్కో అక్షరం చదువు" అంటుంటే, బాబాయి సంధ్యావందనంలో కూడా చూపించనంత శ్రద్ధతో తన పేరు తనే గుణించుకుంటూ చదివాడు. అంతా అయ్యాక ఒకటే అనుమానం. "ఒరేయ్, సర్టిఫికెట్ కింద ఫోటో ఉంది కదా, అది నాది కాదని వాళ్ళకి తెలుస్తుందంటావా?"

తమ్ముడు బుక్ చేసింది 2022 జూన్ మొదటివారంలో అలాస్కా ఓడ. సియాటిల్‌లో ఎక్కి, మంచుకొండలు చూసి, సియాటిల్‌లోనే దిగేది. అమెరికాలో ఎక్కి అమెరికా చూసి అమెరికాలో దిగడానికి కెనడా నిబంధనలు ఎందుకని మీకు సందేహం రావాలి. వచ్చిందా? అక్కడ 1886 నాటి చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఎగరేసే ఓడ కేవలం అమెరికా రేవుల మధ్యే జనాన్ని తిప్పకూడదు, దారిలో పరాయి దేశం రేవు తగలాలి. పెద్ద క్రూజ్ ఓడలు దాదాపు అన్నీ బహామాస్ జెండానో, పనామా జెండానో, అలాంటిదే ఇంకోటో ఎగరేసుకుని తిరిగేవే. అందుకని సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే ఓడలు కెనడాలోని విక్టోరియాలో, చాలాసార్లు రాత్రిపూట, నాలుగైదు గంటలు ఆగి చట్టానికి దణ్ణం పెట్టుకుని కదులుతాయి. 2021లో కెనడా క్రూజ్‌లని రానివ్వకపోతే అమెరికా కాంగ్రెస్ ప్రత్యేకంగా చట్టం చేసి ఆ మెలికని తాత్కాలికంగా తప్పించింది. 2022 ఏప్రిల్‌లో కెనడా రేవులు తెరిచింది, మెలిక వెనక్కి వచ్చింది, దానితో కెనడా రూల్స్ అన్నీ ఓడెక్కాయి. పిన్ని విక్టోరియాలో దిగనే లేదు, కాళ్ళు లాగుతున్నాయని గదిలో పడుకుంది. అయినా ఆ పడుకోవడానికి కెనడా వీసా కావాలి, ఓడెక్కడానికి ముందు 72 గంటల లోపు కెనడా వాళ్ళ అరైవ్‌కాన్ యాప్‌లో వివరాలు నింపి రసీదు తెచ్చుకోవాలి, టీకా సర్టిఫికెట్ అందులోకి ఎక్కించాలి.

టెస్టు ఎప్పుడు చేయించాలన్నది ఇంకో శాస్త్రం. ఇండియా నుంచి అమెరికా విమానానికి ఒక రోజు లోపు టెస్టు. ఒక రోజంటే 24 గంటలు కాదు, ముందురోజు ఎప్పుడైనా సరే. ఓడకేమో ల్యాబ్‌కి పంపే పీసీఆర్ అయితే 72 గంటలు, అక్కడ గంటలు గంటలే. యాంటిజెన్ అయితే మళ్ళీ ఒక రోజు. పీసీఆర్‌తో చిక్కేమిటంటే, ముందు చేయిస్తే చెల్లదు, ఆగి చేయిస్తే రిజల్ట్ ఓడ వెళ్ళిపోయాక వస్తుంది. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి సందులో పిన్ని క్యాలెండర్ తెరిచి, ఆ రోజు అమావాస్య, వద్దంది. తమ్ముడు అమెరికాలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాడు, సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు, అయినా మారు మాట్లాడకుండా ప్లాన్ యాంటిజెన్‌కి మార్చాడు.

అమావాస్య సాకు కానీ, అప్పట్లో ఓడెక్కేవాళ్ళు చాలామంది యాంటిజెన్‌నే ఇష్టపడేవారు. రిజల్ట్ పావుగంటలో వస్తుంది, అదొక కారణం. పీసీఆర్ అంత లోతుగా పట్టదు, ఇది రెండో కారణం, ఎవరూ బయటికి చెప్పరు. వైరస్‌ని పట్టుకోవడానికి ప్రభుత్వం రెండు పరీక్షలు ఇస్తే, తక్కువ పట్టుకునేదాన్ని ఏరుకునే హక్కు ప్రయాణికుడికి ఇవ్వడం ప్రజాస్వామ్యానికి తలమానికం.

అయితే ఏ కిట్ పడితే అది కుదరదు. 2022 జనవరి నుంచి అమెరికా ప్రభుత్వం ఇంటింటికీ పోస్టులో ఉచితంగా కిట్లు పంపింది, తమ్ముడి ఇంట్లో వంటగది సొరుగులో పడున్నాయి. అవి చెల్లవు. ఎందుకంటే అవి మనంతట మనం చేసుకునేవి, మన ముక్కుకి మనం సాక్ష్యం చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? వీడియోలో ఓ మనిషి చూస్తుండగా చేసుకునే కిట్లు వేరే, ఆరింటి పెట్టె 150 డాలర్ల వరకూ ఉండేది. లోపల అదే అట్ట, అదే పుల్ల.

నేనా సమయానికి అక్కడే ఉన్నాను. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, పక్కన పచ్చడి సీసాలు జరిపి చోటు చేశారు. తెర మీద ఓ అమ్మాయి, ఎంతో మర్యాదగా, గది ఒకసారి చూపించండి, పాస్‌పోర్టు చూపించండి, కిట్ విప్పకముందే చూపించండి అంది. అట్ట బల్ల మీద పరిచి పైకన్నంలో ఆరు చుక్కలు వేయాలి. ఒక్కో ముక్కులో పుల్ల పెట్టి కనీసం ఐదు చుట్లు, పదిహేను సెకన్లు తిప్పాలి. పిన్ని ముక్కుపుడక దగ్గర పుల్ల ఆగింది. ఆ పిల్ల "మామ్, కెమెరాలో కనబడాలి" అంటోంది, పిన్ని తల పక్కకి తిప్పి పైటచెంగు అడ్డం పెట్టుకుంటోంది. ముక్కులో పుల్ల తిప్పుకుంటూ పరాయివాళ్ళకి కనబడడమేమిటని ఆవిడ బాధ. తర్వాత పుల్లని అట్టలోకి దూర్చి మూడుసార్లు తిప్పి మూసేసి, పదిహేను నిమిషాలు దాన్ని కెమెరా ముందు నుంచి కదపకూడదు. కదిపితే మొదటికొస్తుంది. ఆ పదిహేను నిమిషాలూ ముగ్గురం ఆ అట్టనే చూశాం. ఇంట్లో అంతసేపు ఎవరూ మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఒకే గీత వచ్చింది. బాబాయి లేచి నిలబడి ఆ అమ్మాయికి రెండు చేతులూ జోడించాడు.

మర్నాడు రేవులో కాగితాల ఫైలు పట్టుకుని నిలబడ్డాం. అందులో కోవిన్ సర్టిఫికెట్లు, వాటి బ్యాకప్ కాపీలు, పాస్‌పోర్టుతో కలిపిన కాపీలు, అరైవ్‌కాన్ రసీదు, టెస్టు రిజల్ట్, రెండో డోసు తర్వాత 14 రోజులు దాటాయని చూపించడానికి తమ్ముడు తారీఖుల కింద ఎర్ర గీతలు కొట్టిన కాగితం. కౌంటర్‌లో అబ్బాయి ఫోన్ తెర ఒకసారి చూసి, బొటనవేలితో పైకి నెట్టి, "హావ్ ఫన్" అన్నాడు. బాబాయికి మనసు ఒప్పలేదు. ఫైలు తెరిచి పట్టుకుని ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు, వెనక క్యూ తోస్తే తప్ప కదల్లేదు.

ఇంత చేసి ఓడలోకి వైరస్ రాలేదా అని మీబోటివాళ్ళు అడుగుతారు. వచ్చింది, దాని దారిన అది వచ్చింది. అంతకుముందు, 2021 డిసెంబర్ మొదటి రెండు వారాల్లో అమెరికా జలాల్లోని క్రూజ్‌లలో 162 కేసులు వస్తే, ఒమిక్రాన్ దిగాక తర్వాతి రెండు వారాల్లో 5,013 వచ్చాయి. అన్నీ టీకాలు, టెస్టులు, 95 శాతాలు దాటుకుని వచ్చినవే. సీడీసీ వెంటనే, టీకా వేయించుకున్నవాళ్ళు కూడా క్రూజ్ ఎక్కొద్దని డిసెంబర్ 30న హెచ్చరించింది. మన దగ్గర 2022 జనవరిలో ముంబై నుంచి గోవా వెళ్ళిన ఓడలో దాదాపు 2,000 మందికి టెస్టులు చేస్తే 66 మందికి పాజిటివ్. టీకాలు దండగని నేననను, ఆస్పత్రుల్లో ఎవరు బతికి బయటపడ్డారో చూసినవాళ్ళెవరూ అనరు. నేను మాట్లాడుతున్నది ఫైలు గురించి. ఒక్కో ఆఫీసుకీ తన ఫైల్లో కాగితం సరిగ్గా ఉంటే చాలు, తర్వాత ముక్కు కారినా పర్లేదు.

ఎందుకంటే ఓడ కదిలాక ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. బఫేలో ఒకే గరిట చేతులు మారుతోంది. మూడోరోజుకి మా పక్క టేబుల్ పెద్దాయనకి దగ్గు మొదలైంది. డాక్టర్‌కి చూపించుకోమని వాళ్ళావిడ అంటే, చూపిస్తే టెస్టు చేస్తారు, చేస్తే రావచ్చు, వస్తే గదిలో పెడతారు, మంచుకొండ రేపే కదా అన్నాడు. తర్కంలో లోపం ఎక్కడా దొరకలేదు. ఆయనకి మన అల్లం టీ ఒకటి ఇప్పించి పిన్ని తన పరిధిలో చికిత్స చేసింది.

ఆ తర్వాత ఈ బంగారు యుగం చూస్తుండగానే ఊడిపోయింది. 2022 జూన్ 12న అమెరికా విమానాలకి టెస్టు తీసేశారు, జూలై 18న ఓడల కోవిడ్ ప్రోగ్రామ్‌నే సీడీసీ మూసేసింది, అక్టోబర్ 1న కెనడా తన ఆంక్షలు మొత్తం ఎత్తేసింది, 2023 మేలో అమెరికాకి వచ్చే విదేశీయులకి టీకా షరతూ పోయింది. కొవాగ్జిన్ వేయించుకున్నవాడూ, అసలు ఏదీ వేయించుకోనివాడూ ఇప్పుడు ఒకే కుర్చీలో కూర్చుని ఒకే హిమానీనదం చూస్తున్నారు. బాబాయి సర్టిఫికెట్‌ని అడిగేవాళ్ళు లేరు.

ఇప్పుడు మిగిలింది ఒక్క ఫారం. ఈమధ్య మీకు వాంతులుగానీ విరేచనాలుగానీ జ్వరంగానీ వచ్చాయా అని అడుగుతారు. వేలకి వేలు కట్టి, వాపసు రాని టికెట్ కొని, సూట్‌కేసుతో రేవు దాకా వచ్చిన మూడువేల మంది వరసగా 'లేదు' దగ్గర టిక్కు పెడతారు. వీడియోలో చూసేవాళ్ళు కూడా ఎవరూ ఉండరు.