మా హాలు గోడల కాపురముంటున్న చెమ్మ అల్లుడుగారికి

మహారాజశ్రీ చెమ్మ అల్లుడుగారికి, హన్మకొండ నుంచి మీ మామ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాసుడు ఆనవాయితీ. మీరు కుశలమే, పొద్దున లేవంగనే కనబడుతున్నరు. కుశలం లేనిది గోడకే.

దసర దగ్గరికొచ్చింది. పెయింటర్ అడ్వాన్స్ అడుగుతుండు. ఏటా ఈ దినాలల్ల మీకు కొత్తబట్టలు పెట్టుడు మాకు అలవాటైపాయె, ఈసారి నాలుగు మాటలు ముందే చెప్పుకుందామని ఈ ఉత్తరం.

వచ్చిన కొత్తల సోఫా వెనక బెత్తెడు జాగల ఉన్నరు. అల్లుడు కద, ఒద్దికగ ఉంటడనుకున్నం. ఇప్పుడు స్విచ్ బోర్డు దాక ఎక్కిండ్రు. మీ అంచు చాయ్ ఒలికి ఆరిన మరక లెక్క వంకర టింకరగ పోతది. దాని కింద అప్పడాల లెక్క పొంగులు. మా చిన్నది బడి నుంచి రాంగనే ఒక్కొక్క పొంగును వేలితోని నొక్కుతది. టప్పుమని పగిలి, పెంకు కింది నుంచి తెల్లటి పొడి, దూది లెక్క మెత్తగ, సోఫా మీద రాలుతది. ఒకపారి నాలుక మీద గూడ పెట్టుకున్నది. ఉప్పగున్నదట. తిట్లు మాత్రం నాకు పడ్డయి.

మీకు చెయ్యని మర్యాద లేదు. గీకించినం, లప్పం పెట్టించినం, ప్రైమర్ మీద రెండు కోట్లు కొట్టించినం. పోయినేడు వాటర్‌ప్రూఫ్ అని రాసున్న డబ్బా తెచ్చినం, పట్టుబట్టలు పెట్టినట్టు. కార్తీకం ఎల్లకముందే చింపుకొని బయటికొచ్చిండ్రు. పెయింటరేమో గిలాబు (గోడ మీది సిమెంటు పూత) మంచిగ లేదన్నడు, మేస్త్రి ఇసుకను అన్నడు, ప్లంబర్ వాళ్లిద్దరినీ అన్నడు.

ఆఖరికి ఒక ముసలి తాపీ మేస్త్రి వచ్చిండు. హాల్లకు రానే లేదు. బయట బేస్‌మెంట్ కాడ కూసోని గోటితోని గీకి చూసి, "సారూ, పునాది మీద పట్టీ వెయ్యకనే ఇటుక లేపిండ్రు" అన్నడు. పట్టీ అంటే బేస్‌మెంట్ మీద, గోడ కింద, నీళ్లు పట్టని మందు కలిపి రెండించుల మందం పోసే కాంక్రీటు. డీపీసీ అంటరు. ఇల్లు కట్టేటప్పుడు అది దండుగ అనిపించింది. (అనిపించింది నాకే. కంట్రాక్టర్ అడిగితే వద్దన్నది నేనే. ఈ ముక్క మీ అత్తకు చెప్పకండ్రి.)

పట్టీ లేని ఇటుక దీపం వత్తి లెక్క, కింది తడిని పైకి గుంజుతది. తడితోని మట్టిల, ఇటుకల ఉన్న ఉప్పులు గూడ ఎక్కుతయి. నీళ్లు ఆరిపోతయి, ఉప్పు పై పొరల గడ్డకట్టి ఉబ్బి రంగును ముందటికి నూకుతది. మేం కొట్టించే రంగేమో ప్లాస్టిక్ కవర్ లెక్క గోడను మూసేసి తడిని బయటికి పోనీయది. మా అవ్వ ఇంట్ల కింద జాజు, పైన సున్నం. ఆడికి గూడ మీ చుట్టాలు వచ్చేటోళ్లు. సున్నం గాలాడనిస్తది, వచ్చినోళ్లు ఎండకాలం రాంగనే పోయేటోళ్లు. మిమ్మల్ని ఇల్లరికం తెచ్చుకున్నది మేమే.

అయినా మిమ్మల్ని అల్లుడనుడే తప్పేమో. మా కాలనీ జాగ ఒకప్పుడు చెరువు శిఖమట, అంటే చెరువు నీళ్లు నిలిచే జాగ. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టిపోతే మనం గొలుసు తెంపి ప్లాట్లు చేసుకుంటిమి. 2023 జూలైల, రామప్ప గుడి ఉన్న వెంకటాపూర్ మండలంలనే, లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 64 సెంటీమీటర్ల పైన వాన పడ్డది. 1213ల ఇసుక నింపిన పునాది మీద లేపిన గుడి నిలబడే ఉన్నది. ఆ వారం మా గేటు దాక వచ్చిన నీళ్లు రెండు రోజులకు పోయినయి, మీరు మాత్రం ఆ ఊపుల మూరెడు ఎక్కిండ్రు. అసలు పట్టాదారు మీరే కావచ్చు, ఈఎంఐ కట్టేది మేము.

మిమ్మల్ని దాచనీకె పెద్ద క్యాలెండర్ తగిలించినం. మొన్న ఎదురింటి వదిన వచ్చినప్పుడు ఫ్యాను గాలికి అది లేచింది. ఆమె జర వంగి చూసి, "మీ ఇంట్ల హాల్లనేనా? మా ఇంట్ల బెడ్రూంలనే పడుకుంటుండు" అన్నది. ఇద్దరం చాయ్ తాగినం.

ముసలి మేస్త్రి వైద్యం గూడ చెప్పిండు. మీరు ఎక్కిన ఎత్తు దాటేదాక గిలాబు ఊడగొట్టి, గోడ అడుగున వరసగ బెజ్జాలు పెట్టి మందు ఎక్కియ్యాలె, మంచిగ ఆరేదాక నెలలు ఆగాలె. పండుగ పూట జమ్మి పెట్టనీకె వచ్చే చుట్టాలకు బొక్కలు దేలిన గోడ చూపిస్తమా? వచ్చే ఏడు చూద్దాం. ఇది పోయినేడు గూడ అన్న మాటే.

పెయింటర్ షేడ్ కార్డు పట్టుకొని గేటు కాడ నిలబడ్డడు. మీ అత్త లేత పసుపు అంటున్నది. పాత కొలతలు మాత్రం పట్టవు, పోయినేటి కన్న జానెడు పెరిగిండ్రు.

ఇట్లు,
మీ మామ