మహారాజశ్రీ ట్రైలర్ గారికి

మహారాజశ్రీ రెండు చక్రాల ట్రైలర్ గారి సముఖమునకు,

ఏ.ఎస్.రావు నగర్‌లోని ఇంటి పోర్టికో నుంచి తమ సేవకుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ తమరు క్షేమం. నేనూ క్షేమమని రాయడానికి నా నడుము ఒప్పుకోవడం లేదు. అందుచేత ఉభయకుశలోపరి అన్న మాటను ఈసారికి వదిలేస్తున్నాను.

రోజూ మొహామొహాలు చూసుకుంటూనే ఉన్నాం కదా, మళ్ళీ ఉత్తరం ఎందుకని తమరికి అనుమానం రావచ్చు. ఎదురుగా నిలబడి మాట్లాడితే పై వాటాలో అద్దెకున్నవాళ్ళు వింటున్నారు. పోయిన వారం వాళ్ళ పిల్లవాడు "మమ్మీ, అంకుల్ డబ్బాతో మాట్లాడుతున్నాడు" అని మెట్లెక్కుతూనే అరిచాడు. నా పరువు సంగతి అటుంచండి, తమరిని డబ్బా అనడం నాకు నచ్చలేదు.

రెండేళ్ళ కిందట, రిటైరై నాలుగు నెలలైనప్పుడు, ఊరి బయట ఒక పాత ఇనుము కొట్టుకి వెళ్ళాను. వెళ్ళింది మా పాత గేటు అమ్మడానికి. గేటు అమ్మి తమరిని కొనుక్కొచ్చాను. తమరప్పుడు గోడవారగా, మూతి నేలకి ఆనించి, కడుపులో ఒక తుమ్మమొక్కతో ఉన్నారు. "అసలు మిలటరీ మాల్ సార్. జీపు ఎనక పోయేది. గిసుంటిది మళ్ల దొరకది" అన్నాడు కొట్టతను. 1806 నుంచి కంటోన్మెంటు ఉన్న సికింద్రాబాదు పక్కన పాత ఇనుము అమ్మేవాడు దేన్నయినా మిలటరీ మాల్ అనగలడు. నేనూ దేన్నయినా నమ్మగలను. కాటా 260 కిలోలు చూపించింది. కిలో 40 చొప్పున 10,400. ముప్పై రెండేళ్ళు ఒక ఫ్యాక్టరీ అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చుని, ఊళ్ళోవాళ్ళ బిల్లులన్నిటి మీదా ఎర్ర ఇంకుతో 'ఇది అవసరమా?' అని రాసినవాడిని, ఆ రోజు ఆ ప్రశ్న మర్చిపోయాను. ఆ 260లో తుప్పెంత, మట్టెంత, తుమ్మమొక్క ఎంత అని కూడా అడగలేదు.

తమరిని ఇంటికి తేవడానికి ట్రాలీ ఆటో మాట్లాడాల్సి వచ్చింది. బరువులు మోయడానికి పుట్టినవారు ఇంకొకరి వీపెక్కి ఊరేగుతూ మా వీధిలోకి వచ్చారు. నాకు అప్పుడే తెలియాల్సింది.

ఆ రాత్రి తమ వంశవృక్షం వెతుక్కుంటూ కూర్చున్నాను. రెండో ప్రపంచ యుద్ధంలో జీపుల వెనక తిరిగిన, పావు టన్ను మోసే ట్రైలర్లు తమ పూర్వీకులట. వాళ్ళలో కొందరు నీళ్ళ మీద తేలేవారు కూడాను. లోపల చేరిన నీళ్ళు పోవడానికి అడుగున బిరడాలుండేవి. తమకి బిరడాల అవసరం లేదు, అడుగు రేకంతా జల్లెడే. ఇంకో సంగతి. 1940లో జీపు నమూనాని అందరికంటే ముందు తయారుచేసి ఇచ్చింది అమెరికాలో బాంటమ్ అనే చిన్న కంపెనీ. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ పోయాయి. బాంటమ్ వాళ్ళకి మిగిలింది ట్రైలర్లు చేసుకునే పని. ఇది చదివాక తమ మీద మమకారం ఒక్కసారిగా పెరిగిపోయింది. మా ఫ్యాక్టరీలో అకౌంట్స్ వాళ్ళని షాపులోకి రానిచ్చేది ఏడాదికోసారి, ఆయుధపూజకి. లేత్ మిషన్ల పక్కన నిలబడి కొబ్బరిముక్క తిని, చేతులు తుడుచుకుని వెళ్ళిపోవాలి. ఇంజను ఉన్నవాళ్ళ వెనక నడిచే జాతి మనది, అనుకున్నాను. మర్నాడే గ్రైండర్ కొన్నాను.

తుప్పు గురించి బళ్ళో చదివింది ఒక్క ముక్క: ఇనుము, ఆక్సిజన్, తేమ. దాని అసలు గుణం తమ దగ్గరే నేర్చుకున్నాను. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది. అందుకే పైన పెయింటు బాగున్నట్టే ఉండి బొబ్బలా లేస్తుంది. గోటితో గిల్లితే కింద పొరలు పొరలుగా సంసారం చేస్తూ కనిపిస్తుంది. మన ఊరి భాషలో దీన్ని కబ్జా అంటారు. ముందు మూలన చిన్న రేకుల షెడ్డు, తర్వాత ప్రహరీ, చివరికి అసలు ఓనరునే కాగితాలు చూపించమనడం.

నాలుగంగుళాల గ్రైండర్‌కి తీగల బ్రష్షు బిగించి ఆ కబ్జాదారుల మీద పడ్డాను. ఊడిన తీగ ఒక్కోటీ బాణంలా వస్తుంది. కళ్ళజోడు పెట్టుకోమని అందరూ చెప్పారు. లుంగీ కట్టుకోవద్దని ఒక్కరూ చెప్పలేదు. జులైలో ఒక ఆదివారం తమ ఎడమ వైపంతా వెండిలా మెరిసేదాకా గీకి, తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ పూత పొద్దున వేద్దాంలే అని పడుకున్నాను. రాత్రంతా ముసురు. తెల్లారేసరికి తమరు ఒళ్ళంతా నలుగు పెట్టుకున్న పెళ్ళికూతురిలా ఉన్నారు. ఆ పసుపేమిటో మనిద్దరికీ తెలుసు. మళ్ళీ మొదటి నుంచి గీకాను.

చక్రాల నట్ల సంగతి ఎత్తకపోతే ఈ ఉత్తరం రాయడమే దండగ. కుడి చక్రం మర్యాదగా ఊడింది. ఎడమ చక్రం దగ్గర తమ అసలు స్వరూపం చూపించారు. మొదటి రోజు కిరసనాయిలు పోశాను. రెండో రోజు పానా చివర నాలుగడుగుల పైపు దూర్చి, దాని మీద నేనే ఎక్కి నిలబడ్డాను. మూడో రోజు పై వాటా ఆయన్ని కూడా ఎక్కించాను. ఒక బోల్టు టప్పుమని విరిగింది తప్ప నట్టు కదల్లేదు. చివరికి చౌరస్తాలో పంక్చర్లు వేసే కుర్రాడిని పిలుచుకొచ్చాను. వాడు వంగి చూసి, "ఉల్టా చూడీ సార్" అని, అటు తిప్పాల్సిన పానా ఇటు తిప్పాడు. నట్టు కిక్కురుమనకుండా వచ్చేసింది. బండి పోతున్నప్పుడు నట్లు వదులు కాకూడదని పాత జీపుల ఎడమ చక్రాలకి మరలు అలా తిరగేసి పెట్టేవారట. అంటే మూడు రోజులపాటు, ఇద్దరు మనుషుల బరువుతో, విప్పుతున్నాననుకుని బిగించానన్నమాట. కాఫీ తెచ్చిన మా ఆవిడ విషయమంతా విని "మీరెప్పుడూ అంతే కదా" అంది. దేని గురించో నేను అడగలేదు.

బేరింగుల కోసం రాణిగంజ్ వెళ్ళాను. "నంబరు చెప్పండి" అన్నారు. నంబరు ఉండాల్సిన చోట తుప్పుంది. కౌంటర్ వెనక పెద్దాయన వెర్నియర్‌తో లోపలొకసారి, బయటొకసారి కొలిచి, పై అర వైపు చూడకుండానే చెయ్యి పెట్టి పెట్టె తీశాడు. ఆ రెండు నిమిషాల విద్యకి నేను దణ్ణం పెట్టబోయి జీఎస్టీ బిల్లు అడిగాను, అలవాటు చొప్పున. టేపర్ రోలర్ బేరింగులు బిగించడంలో ఒక మర్మం ఉంది. ముందు గట్టిగా బిగించి, చక్రాన్ని తిప్పి, తర్వాత నట్టు కాస్త వదలాలి. మరీ బిగిస్తే వేడెక్కి చస్తుంది, మరీ వదిలితే ఊగి చస్తుంది. ఎంత వదలాలని మెకానిక్కుని అడిగితే "చెయ్యి చెప్తది సార్" అన్నాడు. నా చేతికి తెలిసింది వోచర్ నంబర్లే. ఐదుసార్లు విప్పి బిగించాను. తమరు మాత్రం ఆ ఐదుసార్లూ ఒకే మొహం పెట్టారు.

టైర్లు సులువుగానే దొరికాయి, 6.00-16. "ట్రాక్టర్ ముందు చక్రాలకా సార్?" అని అడిగాడు షాపతను. అవునన్నాను. నిజం చెబితే ఇంకో ప్రశ్న వేసేవాడు.

వెల్డింగ్ నేనే చేస్తానని మిషన్ కొన్నాను. పలచటి రేకు మీద రాడ్డు ఆనించగానే ఉన్న బొక్క పక్కన కొత్త బొక్క పడింది. అద్దం లేకుండా ఒకే ఒక్కసారి చూసిన పాపానికి అర్ధరాత్రి కళ్ళలో ఇసుక పోసినట్టయింది. పైగా మిషన్ ఆన్ చేసినప్పుడల్లా ఎమ్‌సీబీ పడిపోయి పై వాటా వాళ్ళ వాషింగ్ మెషిన్ ఆగిపోయేది. నాలుగో రోజు వెల్డరు వచ్చాడు. నా అతుకులు చూసి నవ్వకుండా "గివన్నీ కోసేయాలె సార్" అన్నాడు. అడుగు రేకు పూర్తిగా కొత్తది వేశాడు. కమాన్ కట్టలు విప్పి, విరిగిన పట్టీలు మార్పించాం. పక్క చెక్కలకి భోయిగూడ టింబర్ డిపోలు రెండు రోజులు తిరిగాను. పచ్చ రంగు ఎనామెల్ రెండు కోట్లు. ఇప్పుడు తమలో పాతది ఏం మిగిలిందని ఎవరైనా అడిగితే ఇరుసు చూపిస్తున్నాను. దాని మీదా రంగు వేశాను కాబట్టి వాళ్ళు నమ్మాలి.

ఖర్చు ఒక పాత డైరీలో రాస్తూ వచ్చాను. మొన్న మా ఆవిడ అది తీసి, నా ఎర్ర పెన్నుతోనే, 68,750 దగ్గర సున్నా చుట్టి పక్కన రెండు మాటలు రాసింది. ఆ రెండు మాటలూ నావే.

ఇప్పుడు అసలు ఇబ్బందికి వస్తాను. తమరు పూర్తయ్యారు. తమరిని లాగేదేదీ మా ఇంట్లో లేదు. ఉన్నది చిన్న కారు, దానికి హుక్కు లేదు. హుక్కు పెట్టగలరా అని అడిగితే మెకానిక్ కారు వైపు చూసి, తమ వైపు చూసి, "ఏది దేన్ని లాగాలె సార్?" అన్నాడు. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడి కథకి చిన్నప్పుడు పగలబడి నవ్వేవాడిని. ఇప్పుడు రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని, ఫోన్లో పాత జీపుల ధరలు చూస్తున్నాను.

చట్టమైనా ఆదుకుంటుందేమోనని చూశాను. 1988 మోటారు వాహనాల చట్టం రెండో సెక్షన్ 28వ క్లాజులో మోటారు వాహనమంటే ఏమిటో చెబుతూ, అందులో ట్రైలర్‌ని కూడా చేర్చారు. మోటారు లేకుండానే మోటారు వాహనమైన ఘనత తమది. అదే సెక్షన్ 46వ క్లాజు ప్రకారం, మోటారు వాహనం లాగేదీ, దానితో లాగించడానికి ఉద్దేశించినదీ ట్రైలర్. అంటే తమరికి రిజిస్ట్రేషన్ ఉండాలి. వెనక చెక్క మీద ఎవరో రాయించిన మూడక్షరాల పాత నంబరు సగం చెరిగిపోయి ఉంది. ఆ తర్వాత ఈ ఊరి బళ్ళ మీద ఏపీ వచ్చింది, టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది. తమరు దేనికీ చలించలేదు, అక్షరాలా.

ఇలా ఉండగా ఈ ఉదయం మా ఆవిడ పోర్టికోలోకి వచ్చి, తమ చుట్టూ ఒకసారి తిరిగింది. రెండేళ్ళలో ఇది మొదటిసారి. నాకు కాస్త టెన్షన్ పట్టుకుంది. "ఏమండీ, మేడ మీద కోతులు పడుతున్నాయి. దీని మీద అడ్డంగా రెండు చెక్కలు వేసి పాత పంచె ఒకటి పరవండి" అంది. బూడిద గుమ్మడికాయ వడియాలు. పావు టన్ను మోయగల వంశంలో పుట్టి, కొత్త కమాన్లతో, కొత్త బేరింగులతో, తమరు మోస్తున్న మొట్టమొదటి సరుకు రెండు కిలోల వడియాలు.

పోర్టికోలో ఎండ నిలవదు. పక్కన ఐదంతస్తుల అపార్ట్‌మెంటు నీడ పదింటికి గేటు దగ్గర ఉంటుంది, పన్నెండుకి మల్లె పందిరి దాకా వస్తుంది. కాబట్టి అరగంటకోసారి తమరిని లాగే ముందు కడ్డీ, అదే డ్రాబార్, ఎత్తి పట్టుకుని, ఎండ ఎటు జరిగితే అటు లాగుతున్నాను. ఒక్క వడియం కూడా జారలేదు. వరండాలోంచి చూస్తూ "బండి బాగానే నడుస్తోందండీ" అంది. బేరింగులు సరిగ్గా బిగించానన్నమాట.

నీడ మళ్ళీ వచ్చేస్తోంది, లేవాలి.

ఇట్లు,
తమ ఇంజను

తా.క.: లాగుతున్నప్పుడు ఎడమ కమాను కిర్రుమంటోంది. సోమవారం మళ్ళీ రాణిగంజ్ వెళ్తాను. డైరీలో రాయను.