ప్యాంట్రీ కార్ ఎత్తేస్తే ఎవరికి లాభం? ఆ మెసేజ్‌కి నా జవాబు

"దూరప్రాంత రైళ్లలో ప్యాంట్రీ కార్లు ఎత్తేయాలి" అంటూ ఒక మెసేజ్ వాట్సాప్ గ్రూపుల్లో మళ్లీ మళ్లీ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: రైల్లో వంటకి పెట్టిన ప్యాంట్రీ వల్ల ఒక బోగీ వృథా అవుతోంది, దాని బదులు థర్డ్ ఏసీ బోగీ తగిలిస్తే 72 బెర్తులు దొరుకుతాయి, రైల్వేకి ఆదాయం పెరుగుతుంది. ఫోన్‌లో ఆర్డర్ పెడితే సీటు దగ్గరికే తిండి వచ్చే రోజుల్లో రైల్లో వంటగది ఎందుకు? వందే భారత్‌లో ప్యాంట్రీ కార్ లేదు, అయినా అందరూ తింటూనే ఉన్నారు. పైగా ప్యాంట్రీ అంటే మురికి, దోపిడీ, అగ్ని ప్రమాదం. సాక్ష్యంగా కింద రెండు జతచేస్తారు: రైలు బాత్రూంలోంచి టీ క్యాన్లు బయటికి తెస్తున్న వీడియో, కాలిపోయిన బోగీ ఫోటో.

ప్యాంట్రీ మీద జనానికి ఉన్న కోపం న్యాయమైనదే. చల్లారిన అన్నం, నీళ్ల పప్పు, ఉన్న రేటు మీద ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ గుంజడం, ఇవన్నీ రైలెక్కే ప్రతివాళ్లకీ తెలుసు. కానీ ఈ మెసేజ్ చెప్పే పరిష్కారం ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది. అది అమలైతే ముందుగా దెబ్బతినేది స్లీపర్‌లో ఒకటిన్నర రోజు, రెండు రోజులు కూర్చుని వెళ్లే మనుషులు. అందుకే ఒక్కో మాటా విడిగా తీసుకుని జవాబు చెప్పాలనిపించింది.

ముందు ఆ 72 బెర్తుల సంగతి. ఈ ఆలోచన వాట్సాప్‌లో పుట్టింది కాదు. 2020లో కోవిడ్ వల్ల రైళ్లలో వండిన భోజనం ఆపేసినప్పుడు, ప్యాంట్రీల స్థానంలో థర్డ్ ఏసీ బోగీలు పెడితే ఏటా 1400 కోట్లు అదనంగా వస్తుందన్న ప్రతిపాదన పత్రికల్లో వచ్చింది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ 72 బెర్తులు ఎవరికి? థర్డ్ ఏసీ టికెట్ కొనగలిగినవాళ్లకి. స్లీపర్‌లో వెయిటింగ్ లిస్ట్ 150 దగ్గర ఆగిపోయినవాడికి దాంతో ఒరిగేది తక్కువే. 20, 22 బోగీల రైల్లో ప్రయాణించేది వెయ్యిమందికి పైగా. 72 మందికి చోటివ్వడం కోసం అంతమందికి దారిలో వేడి తిండి, వేడి నీళ్లు లేకుండా చేయడం ఏ రకంగా లాభమో ఆ మెసేజ్ చెప్పదు. బోగీ "వృథా" అన్న మాట కూడా తప్పే. ప్యాంట్రీ ఊరికే ఇచ్చేది కాదు. కాంట్రాక్టర్ టెండర్ వేసి, లైసెన్స్ ఫీజు కట్టి నడుపుతాడు.

దూరం సంగతి చూడండి. దిబ్రూగఢ్ నుంచి కన్యాకుమారి వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి విశాఖ, విజయవాడ, నెల్లూరు మీదుగా పోతుంది. నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దారి, డెబ్భై గంటలకు పైనే ప్రయాణం. మూడు రాత్రులు రైల్లోనే. ఇంకోవైపు ముంబై, పూణేల మధ్య నడిచే డెక్కన్ క్వీన్ ఉంది. 1930లో మొదలైన ఆ రైలు మూడు గంటల చిల్లరలో గమ్యం చేరిపోతుంది. అందులో బల్లలు వేసి కూర్చోబెట్టి వడ్డించే డైనింగ్ కార్ ఉంది. 2022లో ఆ రైలుకి ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం బోగీలు వేసినప్పుడు డైనింగ్ కార్ తీసేయలేదు సరికదా, అందులో సీట్లు 32 నుంచి 40కి పెంచారు. నాకు ఆ రైలంటే ఇష్టమే, అది అలాగే ఉండాలి. మూడు గంటల రైల్లో తిండికి ఒక బోగీ కేటాయించడం వృథా కానప్పుడు, మూడు రాత్రుల రైల్లో ఎలా వృథా అవుతుంది?

ఇక ఫోన్ ఆర్డర్ల మాట. ఈ మెసేజ్‌ని నమ్మేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే పడిపోతున్నారు, ఎందుకంటే ఈ-కేటరింగ్, అంటే ఫోన్‌లో ఆర్డర్ పెడితే స్టేషన్‌లో సీటు దగ్గరికే తిండి తెచ్చివ్వడం, నిజంగానే బాగుంటుంది. రైల్వే కేటరింగ్ సంస్థ ఐఆర్‌సీటీసీ దీన్ని 2014లో మొదలుపెట్టింది. 2024 మార్చిలో స్విగ్గీతో ఒప్పందం చేసుకున్నప్పుడు మొదటి విడత నాలుగు స్టేషన్లలో మన విజయవాడ, విశాఖపట్నం కూడా ఉన్నాయి. విజయవాడలో వేడి బిర్యానీ బెర్త్ దగ్గరికే వస్తుంటే ఎవరు కాదంటారు? ప్యాంట్రీకి తోడుగా అది ఉండాల్సిందే. దాని బదులుగా ఇది, దీని బదులుగా అది అనుకుంటేనే ఇబ్బంది.

ఈ-కేటరింగ్‌లో ఆర్డర్ పెట్టాలంటే పీఎన్‌ఆర్ నంబర్ కావాలి. జనరల్ టికెట్ మీద వెళ్లేవాడికి పీఎన్‌ఆరే ఉండదు. అంటే రైల్లో అందరికన్నా ఇరుకులో ప్రయాణించే మనిషికి ఆ సౌకర్యం అసలు లేనట్టే. ప్యాంట్రీ వెండర్ కూడా జనరల్ బోగీలోకి నడిచి రాలేడు, నిజమే. కానీ రైలు ఆగినప్పుడు కిటికీ దగ్గరికి బుట్ట పట్టుకుని వస్తాడు. ఆ బోగీల్లో ఉన్నవాళ్లు చోటు పోతుందని కిందికి దిగలేరని రైల్వేకి తెలుసు. అందుకే 2023లో జనరల్ బోగీలు ఆగే చోటే ప్లాట్‌ఫాం మీద 20 రూపాయల పూరీ ప్యాకెట్ల కౌంటర్లు పెట్టడం మొదలుపెట్టింది. మంచి పని. అయితే అది ఆ కౌంటర్లున్న స్టేషన్‌లో ఆగినప్పటి సంగతి. మిగతా చోట్ల ఆగినప్పుడు?

పీఎన్‌ఆర్ ఉన్నవాళ్లకైనా చిక్కులు తక్కువేం కాదు. ఆర్డర్ ముందే పెట్టాలి, రైలు ఆ స్టేషన్‌లో ఆగాలి, ఆగినంతసేపట్లోనే తెచ్చిన కుర్రాడు మీ బోగీ వెతుక్కుని రావాలి. వరంగల్‌లో చాలా రైళ్లు ఆగేది రెండే నిమిషాలు. ఎస్-2 దగ్గర నిలబడ్డ కుర్రాడికి మీది ఎస్-9 అని తెలిసేసరికి రైలు కదిలిపోతుంది. వరంగల్ దాటితే నాగపూర్ వరకు ఆరేడు గంటల దారి, మధ్యలో పెద్ద స్టేషన్ అంటే బల్లార్షా ఒక్కటే. కాగజ్‌నగర్ దాటాక అడవిలో ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. రైలు నాలుగు గంటలు లేటయితే మధ్యాహ్నం ఒంటిగంటకి చేరాల్సిన స్టేషన్‌కి ఐదింటికి చేరతారు. అప్పటికి మీ భోజనం ఏమవుతుంది? రాత్రి తొమ్మిదికి రావాల్సిన రైలు ఒంటిగంటకి వస్తే ఏ హోటల్ తెరిచి ఉంటుంది? రైలు ఆలస్యమైన రోజునే తిండి అవసరం ఎక్కువ. ఈ-కేటరింగ్ చేతులెత్తేసేదీ సరిగ్గా ఆ రోజునే. ప్యాంట్రీ మాత్రం మనతోపాటే లేటవుతుంది, మనతోపాటే ఉంటుంది.

తిండి ఒక్కటే కాదు. రాత్రి పదకొండు దాటాక పాలపొడి డబ్బా, ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని ప్యాంట్రీ తలుపు దగ్గర నిలబడ్డ తల్లుల్ని నేను చూశాను. లోపల ఉన్నతను పెద్ద గిన్నెలోంచి మగ్గుతో వేడి నీళ్లు ముంచి, ఒలకకుండా ఫ్లాస్కులో పోసి, మూత తనే బిగించి ఇస్తాడు. డబ్బులు అడగడు. మధుమేహం ఉండి వేళకి తినకపోతే కళ్లు తిరిగే పెద్దవాళ్లు రెండు ఇడ్లీల కోసమో, కాస్త పంచదార కోసమో వచ్చేదీ అక్కడికే. ఈ అవసరాలు ఏ యాప్‌లోనూ ఆర్డర్ పెట్టేవి కావు. బెంగళూరు నుంచి దానాపూర్ వెళ్లే సంఘమిత్రలో ఇంటికి తిరిగి వెళ్తున్న కూలీలతో ఒక్కసారి మాట్లాడండి. తెచ్చుకున్న రొట్టెలు మొదటి రోజుకే అయిపోతాయి. రెండో రోజుకి వాళ్లకి దిక్కు ప్యాంట్రీ వెండరే.

వందే భారత్ ఉదాహరణ అసలు పోలికే కాదు. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. దానికి విడిగా ప్యాంట్రీ బోగీ లేదు గానీ బోగీల్లోనే చిన్న ప్యాంట్రీలు, తిండిని వేడిగా ఉంచే పెట్టెలు ఉన్నాయి. బేస్ కిచెన్‌లో, అంటే రైలు బయట ఉండే వంటశాలలో, వండింది ఎక్కించి, టికెట్‌తోపాటే భోజనం డబ్బులు కట్టినవాళ్లకి ఇస్తారు. ఆ ఏర్పాటు స్లీపర్ రైళ్లలో ప్రతి బోగీలోనూ పెట్టమనండి, అప్పుడు మాట్లాడుకుందాం. అది పెట్టకుండా ప్యాంట్రీ ఒక్కటీ తీసేయమనడం మాత్రం అన్యాయం.

మురికి సంగతికొస్తే, నేను దాన్ని కప్పిపుచ్చను. 2017 జులైలో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక 74 స్టేషన్లు, 80 రైళ్లు పరిశీలించి, కొన్నిచోట్ల మనుషులు తినడానికి పనికిరాని పదార్థాలు అమ్ముతున్నారనీ, శుద్ధి చేయని కుళాయి నీళ్లు వాడుతున్నారనీ తేల్చింది. అదే ఏడాది వచ్చిన కేటరింగ్ విధానం వంటని, వడ్డనని విడదీసింది. వంట బేస్ కిచెన్లలో, పంపిణీ రైల్లో. అంటే ఇప్పుడు ప్యాంట్రీకి పెద్ద పని వండింది వేడిగా నిలపడం, టీ కాఫీలు కాయడం, వేళకి అందించడం. ఈ మార్పు ప్రతి రైల్లోనూ సరిగ్గా అమలైందని నేను అనను. అమలు చేయించాలి. కానీ ప్యాంట్రీ తీసేస్తే ఆ బేస్ కిచెన్ భోజనం గంటల తరబడి ఎక్కడ వేడిగా ఉంటుంది?

ఆ టీ క్యాన్ల వీడియో కథ వేరు. 2017 డిసెంబరులో సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆగి ఉన్న చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో తీసింది అది. దక్షిణ మధ్య రైల్వే విచారణ జరిపి లక్ష రూపాయలు జరిమానా వేసింది ప్యాంట్రీ కాంట్రాక్టర్‌కి కాదు, స్టేషన్ల మధ్య రైలెక్కి అమ్ముకునే ట్రైన్ సైడ్ వెండింగ్ కాంట్రాక్టర్‌కి. ఆ రైల్లో లైసెన్స్ లేని హాకర్లు కూడా దొరికారు. ప్యాంట్రీ లేని చోట ఆ ఖాళీ నింపేది ఇలాంటివాళ్లే. ప్యాంట్రీలు మూసేయడానికి సాక్ష్యంగా తిప్పుతున్న వీడియో నిజానికి అవి ఉండాలనడానికే పనికొస్తుంది.

కాలిన బోగీ ఫోటో 2023 ఆగస్టు 26న మదురైలో జరిగిన ప్రమాదానిది. తొమ్మిది మంది చనిపోయారు. అది ప్యాంట్రీ కార్ కాదు. లక్నో నుంచి యాత్రికులు ప్రైవేటుగా బుక్ చేసుకుని వచ్చిన టూరిస్ట్ బోగీ. నిబంధనలకు విరుద్ధంగా లోపలికి తెచ్చుకున్న గ్యాస్ సిలిండర్ వల్ల మంటలు లేచాయి. ప్యాంట్రీల సంగతి చూస్తే, ఎల్‌హెచ్‌బీ రైళ్లకి మంట లేకుండా కరెంటుతో నడిచే ప్యాంట్రీ కార్లు వచ్చాయి. పాత ప్యాంట్రీల్లో మిగిలిన సిలిండర్లు పోవాలంటే అవి త్వరగా రావాలని అడగాలి. చనిపోయినవాళ్ల ఫోటోని తెలియక ఇలా తిప్పుతున్నవాళ్లు దయచేసి ఆపండి.

"అమెరికాలోనే తీసేశారు" అని కొందరు చివర్లో తగిలిస్తున్నారు. అక్కడి ప్రయాణికుల రైళ్ల సంస్థ అమ్‌ట్రాక్ 2019లో తూర్పు వైపు రైళ్లలో వంట మానేసి ప్యాకెట్ భోజనం పెట్టిన మాట నిజం. ప్రయాణికులు గగ్గోలు పెట్టారు. పశ్చిమాన రోజుల తరబడి నడిచే రైళ్లలో కోవిడ్‌తో ఆగిన డైనింగ్ కార్ భోజనం 2021లో తిరిగి మొదలైంది. తిండి సేవల మీద నష్టం రాకూడదన్న చట్ట నిబంధనని కూడా అదే ఏడాది అక్కడి కాంగ్రెస్ తీసేసింది.

మిగిలింది ధరల దోపిడీ. ఇది నిజం, దీనికి మూలం కూడా కనిపిస్తూనే ఉంది. కాంట్రాక్టర్ పోటీపడి ఎక్కువ లైసెన్స్ ఫీజుకి పాడతాడు, తర్వాత దాన్ని ప్రయాణికుల దగ్గరే రాబట్టుకుంటాడు. కోచ్ కోచ్ తిరిగే వెండర్లలో చాలామందికి బతుకు కమీషన్ మీదే. కాబట్టి మార్చాల్సింది టెండర్ పద్ధతిని. అది మారేలోపు మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్లకి 2019 చివర్లో నిర్ణయించిన రేట్ల ప్రకారం వెజ్ భోజనం 80, కోడిగుడ్డు కూరతో 90, చికెన్ కూరతో 130. వెజ్ బిర్యానీ 80, ఎగ్ బిర్యానీ 90, చికెన్ బిర్యానీ 110. వెజ్ టిఫిన్ 40. టీ బ్యాగ్ టీ 10. రైల్వే అమ్మే నీళ్ల సీసా రైల్ నీర్ లీటరుది 2025 సెప్టెంబరు 22 నుంచి 14 రూపాయలే. బిల్లు ఇవ్వకపోతే డబ్బులు కట్టక్కర్లేదని 2018 నుంచి రైల్వేనే చెబుతోంది. ఎక్కువ అడిగితే గొడవపడి టెన్షన్ పడనవసరం లేదు. బిల్లు అడగండి. ఇవ్వనంటే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేసి గానీ, రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌లో గానీ రైలు నంబర్, కోచ్, ఏ వస్తువుకి ఎంత అడిగాడు, ఏ రెండు స్టేషన్ల మధ్య అన్నవి చెప్పండి. వెండర్ బ్యాడ్జి మీద పేరు కనిపిస్తే అదీ చెప్పండి. ఫిర్యాదు నంబర్ ఫోన్‌కి వచ్చేదాకా వదిలేయకండి.