రేవులో ఇరుక్కున్న మనవాళ్లు

2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ వేళ, గుజరాత్‌లోని వెరావల్ రేవులో వరసగా కట్టేసిన బోట్ల మీద శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మత్స్యకారులు నెల రోజులు గడిపారు. వంట అక్కడే, పడకా అక్కడే. వేట లేదు, ఇంటికి రావడానికి రైలు లేదు. ఫోన్ మోగితే చాలు, ఊళ్లో ఇంటిల్లిపాదికీ టెన్షన్. నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం బస్సులు పెట్టి 4,000 మందికి పైగా వెనక్కి తీసుకొచ్చింది. మంచి పనే. కానీ వాళ్లు అంత దూరం ఎందుకు వెళ్లాల్సి వచ్చిందన్న ప్రశ్న ఆ బస్సులు దిగడంతోనే మరుగున పడింది.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. పెద్ద బోట్లు నిలిపి ఏడాది పొడవునా వేట సాగించే హార్బర్ మాత్రం లేకపోయింది. అందుకే ఇక్కడి తండేళ్లు (బోటు నడిపే పెద్దలు), కలాసీలు (బోటు మీద పనిచేసేవాళ్లు) గుజరాత్ సేట్ల, అంటే యజమానుల, బోట్లెక్కుతారు. సేటు ముందే అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పాత అప్పుకో, ఆడపిల్ల పెళ్లికో అయిపోయాక మధ్యలో తిరిగి రావడం ఎవరి తరం? అలా వెళ్లి 2018 చివర్లో పాకిస్తాన్‌కు పట్టుబడిన వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. మూడు నెలలు తిరక్కముందే వాళ్ల తోటివాళ్లు వెరావల్‌లో చిక్కుకుపోయారు.

వలస అనగానే మనకు కదిలే మనిషే కనిపిస్తాడు. కదలక తప్పనివాళ్లు ఎవరు, కష్టకాలంలో కదలనివ్వకుండా ఆపేది ఎవరిని అన్నవి కూడా అంతే ముఖ్యం. ఊరు దాటకపోయినా వలస భారం మోసేవాళ్లూ ఉన్నారు. కొడుకు పంపే డబ్బు ఆగితే ముందు ఆగేది ముసలి తల్లి బీపీ మాత్రలే.

లాక్‌డౌన్‌లో కోటీ 4 లక్షల మందికి పైగా వలస కూలీలు సొంత రాష్ట్రాలకు చేరారని 2020 సెప్టెంబరులో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. దారిలో ఎంతమంది చనిపోయారో లెక్క లేదని కూడా అప్పుడే చెప్పింది. ఈ మాట మమ్మల్ని ఇప్పటికీ కలచివేస్తోంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఒక యజమాని దగ్గర అలాంటి కార్మికులు కనీసం ఐదుగురు ఉంటే వర్తించేది. 2020లో చేసిన కార్మిక కోడ్ దాన్ని పది మందికి పెంచింది. ఒకే బోటున్న సేటు దగ్గర పనిచేసే ఏడెనిమిది మంది ఇక ఏ లెక్కలోకి వస్తారు? ఈ నిబంధనను సవరించాలి.

అంతవరకూ రాష్ట్రం చేయగలిగింది ఉంది. మత్స్యకార గ్రామాల్లో సచివాలయాలున్నాయి. వేటకు బయలుదేరే ముందే ప్రతి మనిషి పేరు, బోటు నంబరు, సేటు ఫోన్ నంబరు అక్కడ రాసుకోవాలి. ఆ జాబితా గుజరాత్ మత్స్యశాఖకూ వెళ్లాలి. తుపానొచ్చినా, జబ్బొచ్చినా ఎవరెక్కడ ఉన్నారో అరగంటలో తెలియాలి. జిల్లా తీరంలో హార్బర్, జెట్టీ పనులు ఏ దశలో ఉన్నాయో నెలనెలా ఆ ఊళ్ల వాళ్లకే చెప్పాలి. సొంత రేవులో వేట దొరికితే వెరావల్ వెళ్లాలా, ఇంటి దగ్గరే ఉండాలా అన్నది వాళ్లే తేల్చుకుంటారు.