ఫాక్స్‌ప్రో గారికి, మండపేట నుంచి

పాతకాలపు డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మహారాజశ్రీ ఫాక్స్‌ప్రో 2.6 గారికి, కుర్రాళ్లకు కోడింగు పాఠాలు చెప్పుకుని బతికే నేను నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం మిల్లు గేటు దాకా వినిపించే ప్రింటర్ గరగరలోనే తెలుస్తోంది.

మీ వంశంలో ఆఖరిది విజువల్ ఫాక్స్‌ప్రో 9. దానికే 2015 జనవరిలో మైక్రోసాఫ్ట్ చేతులు దులిపేసుకుంది. మీరు మాత్రం మండపేట దగ్గర ఒక రైసుమిల్లులో, ఊక దుమ్ములో కూర్చుని ఇంకా ధాన్యం బిల్లులు కొడుతూనే ఉన్నారు. కరెంటు పోయినప్పుడల్లా ఇండెక్స్, అంటే లెక్కలు వెతికిపెట్టే పట్టిక, పాడుచేసుకుని అలుగుతారు. గుమాస్తా గారు రీఇండెక్స్ కొట్టి టీ తాగొచ్చేసరికి అలక తీరిపోతుంది. ఏమాటకామాట, కొత్తల్లుళ్లు కూడా ఇంత తేలిగ్గా దారికి రారు.

మీ పనిని కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేందుకు ఆరుగురు కుర్రాళ్లను తయారుచేసే బాధ్యత నా నెత్తిన పడింది. అందరికీ క్లౌడ్ వచ్చు. తేమ మీటరు ఎలా ఉంటుందో ఒక్కడికీ తెలీదు. మీ కోడ్ తెరవగానే "సార్, తీసిపారేసి మొత్తం మళ్లీ రాసేద్దాం" అన్నారు. వాళ్లననేం లాభం? ఫీల్డు, అంటే గడి, పేరు పది అక్షరాలు దాటనివ్వరు కదా మీరు. తరుగు, గోనె, హమాలీ అన్నీ తలో తోకో తెగి పడున్నాయి. సేల్స్‌టాక్స్ గడిలో 2005లో వ్యాట్ వచ్చి కూర్చుంది, 2017 జూలైలో జీఎస్టీ. గడి పేరు ఇప్పటికీ ఎస్‌టాక్సే.

తేమ 17 శాతం దాటితే తరుగు తీయాలి. బాగుంది. దాని కిందే ఇంకో లైను: ఖాతా బి14 అయితే తరుగు సున్నా. ఎందుకో ఎక్కడా రాసి లేదు. పనికిరాని కోడ్ అని ఒకడు తీసేశాడు. ట్రయల్ బిల్లు చూసి ఓనరు గారు కుర్చీలోంచి లేచారు. బి14 ఆయన బావమరిది గారట. "బావమరిది ధాన్యానికి తేమేంటయ్యా!"

అప్పట్నుంచి నా సిలబస్ మారింది. మొదటి వారం కీబోర్డు ముట్టుకోనివ్వట్లేదు, కాటా దగ్గర గుమాస్తా గారి పక్కన కూర్చోబెడుతున్నాను. ఆ తర్వాత పోయిన దాళ్వా బిల్లులన్నీ కొత్తదాంట్లో కొట్టించి, మీ కాగితం పక్కన పెట్టి పైసాతో సహా సరిచూస్తున్నాం. డెల్టా కాలువలకైనా వేసవిలో నీళ్లు కట్టేసి పూడిక తీస్తారు. మీకు ఆ వేసవి కూడా లేదాయె. నీళ్లు పారుతుండగానే ఒక్కో తూము మార్చాలి. ఇప్పటికి హమాలీ లెక్క ఒక్కటే మారింది.

మొన్న ఒక బిల్లులో మూడు పైసలు తేడా. రెండు రోజుల నుంచీ అదే గొడవ అనుకోండి. చివరికి తేలిందేంటంటే, మీరు కాటా కాటాకీ రౌండ్ చేస్తున్నారు, మావాళ్లు చివర్లో ఒక్కసారి చేస్తున్నారు. ఏది కరెక్ట్ సార్ అన్నారు. రైతుల దగ్గరున్న చీటీల్లో మీ లెక్కే ఉంది కాబట్టి మీదే అన్నాను. ఇప్పుడు మీ తప్పును కొత్త భాషలో ఎంతో శ్రద్ధగా రాస్తున్నారు.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క.: సంక్రాంతికి మిమ్మల్ని సాగనంపుదామనుకున్నాం. గుమాస్తా గారు కొత్త స్క్రీను చుట్టూ ఓసారి చూసి, "ఆయ్, బానే ఉందండి. రీఇండెక్స్ ఎక్కడ కొట్టాలి?" అన్నారు.